చక్రం మీద సుత్తి దెబ్బ

ఖరగ్‌పూర్‌లో ఎవరితోనైనా 'కోచ్' అని చూడండి. ముందు గుర్తొచ్చేది మనిషి కాదు, రైలుపెట్టె. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఈ ఊరికి అన్నం పెట్టింది ఇక్కడి వర్క్‌షాప్. తిరిగి తిరిగి అరిగిపోయిన పెట్టెలు ఇక్కడికి వస్తాయి. వాటిని చక్రాల మీద నుంచి ఎత్తి, విప్పి, ఏది పాడైందో చూసి, బాగుచేసి మళ్లీ లైను మీదకు పంపుతారు. 'పెట్టె పీవోహెచ్‌కి వచ్చింది' అంటారు షాపు మనుషులు. అంటే కాలం తీరింది, ఒకసారి మొత్తం చూడాలని.

వెనకటికి బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని ఒక మనిషి పెట్టె పెట్టె దగ్గరా వంగేవాడు. చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమని మోగితే ముందుకు నడిచేవాడు. బొంగురుగా, బద్దగా పలికితే అక్కడే ఆగిపోయేవాడు. లోపలి పగులు చాలాసార్లు కంటికి ఆనదు, చెవికి చిక్కుతుంది. ఈ సుత్తి మనిషి సంగతి కాసేపు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

మనిషికి కోచ్ అన్న పేరు కూడా బండి నుంచే వచ్చింది. హంగరీలో కోచ్ అనే పల్లె ఉంది. అక్కడ తయారైన గుర్రపు బండ్లకు ఆ ఊరి పేరే స్థిరపడి, చాలా యూరప్ భాషలకు పాకింది. 1830ల నాటికి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటరును వేళాకోళంగా కోచ్ అనడం మొదలుపెట్టారు. మోసుకుపోయి అవతల దింపుతాడు కదా, అందుకని. ఆ మాట ఆటల మైదానాలకు చేరింది. 1990లలో అమెరికాలో ఏకంగా జీవితానికే తగులుకుంది. థామస్ లెనార్డ్ అనే ఆర్థిక సలహాదారు, డబ్బు లెక్కల కోసం తన దగ్గరికి వచ్చేవాళ్లు అసలు బతుకు లెక్కలు అడుగుతున్నారని గమనించి, 1992లో కోచ్‌లను తయారుచేసే బడి పెట్టాడు. ఇప్పుడు 'లైఫ్ కోచ్' బోర్డు హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

ఈ బోర్డుల కింద చాలాచోట్ల ఒకే రకం కథ ఉంటుంది. నేనూ ఓడిపోయాను, అప్పుల్లో మునిగాను, చచ్చిపోదామనుకున్నాను, లేచాను, ఇప్పుడు మిమ్మల్ని లేపుతాను. చెప్పేవాళ్లలో నిజాయితీపరులు లేరని కాదు, బోలెడంతమంది ఉన్నారు. ప్రశ్న వేరే ఉంది. పడ్డ దెబ్బకూ చేసే పనికీ మధ్య ఏం జరుగుతుంది? పడినవాళ్లందరూ పడ్డవాళ్లను లేపగలరా?

ఈ ప్రశ్న వేసుకోవడానికి హిజ్లీ కంటే తగిన చోటు దొరకడం కష్టం, అక్కడ జైలుగా దెబ్బ తిన్న చోటే బడి అయింది. ఖరగ్‌పూర్‌ను ఆనుకునే ఉంటుంది. ఆద్రా వైపు నుంచి ఒడిశాకు పోయే బండ్లు కొన్ని పెద్ద స్టేషన్ లోపలికి రాకుండా ఈ చిన్న స్టేషన్‌లోనే ఆగి వెళ్తాయి. ఇక్కడ బుర్జు ఉన్న పాత కట్టడం ఒకటి ఉంది. హిజ్లీని జిల్లా కేంద్రం చేద్దామని తెల్లదొరలు కట్టించారు, జిల్లా మాత్రం ఏర్పడలేదు. ఖాళీగా ఉన్న కట్టడాన్ని 1930లో విచారణ లేకుండా పట్టుకొచ్చిన రాజకీయ ఖైదీలకు నిర్బంధ శిబిరం చేశారు. 1931 సెప్టెంబర్ 16 రాత్రి కాపలా పోలీసులు ఆయుధం లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. వాళ్ల దేహాలను తీసుకెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ వచ్చాడు. రవీంద్రనాథ్ టాగూర్ కలకత్తాలో బహిరంగ సభలో నిలబడి నిరసన తెలిపాడు. ఆ పక్కనే ఆడవాళ్ల జైలు కూడా ఉండేది. బెంగాల్ విప్లవ యువతులు కొందరు అందులో గడిపారు.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్లకు, 1951 ఆగస్టు 18న, దేశంలో మొట్టమొదటి ఐఐటీని మౌలానా ఆజాద్ ప్రారంభించింది ఈ జైలు కట్టడంలోనే. ఖైదీలు నడిచిన వరండాల్లో పిల్లలు ఇంజనీరింగ్ డ్రాయింగ్ వేశారు. ఇప్పుడది నెహ్రూ పేరుతో సైన్సు మ్యూజియం.

తెలుగువాళ్లకు ఖరగ్‌పూర్ పరాయిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వాల్తేరు లైను పట్టుకుని వచ్చినవాళ్లు తరతరాలుగా ఇక్కడి రైల్వే క్వార్టర్లలో, గోల్‌బజార్‌లో, మథురాకాటిలో, నింపురాలో స్థిరపడ్డారు. 1927లో వర్క్‌షాప్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ముందు నిలిచిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. వీళ్లు కాక మరో తెలుగు గుంపు ఏటేటా దిగుతుంది. విజయవాడ, హైదరాబాదు కాలేజీల్లో రెండేళ్లపాటు తెల్లవారకముందే లేచి, రాత్రి పొద్దుపోయేదాకా చదివి, ర్యాంకు తెచ్చుకుని ఐఐటీ గేటు దాటే పిల్లలు. ఊళ్లో మొదటి ర్యాంకు మనవాడిదే. ఇక్కడికి వచ్చాక తెలిసేది, పక్క గదిలో ఉన్నవాళ్లందరూ ఎవరి ఊళ్లో వాళ్లు మొదటివాళ్లేనని. ఆ మొదటి సెమిస్టర్ దెబ్బ ఎలా ఉంటుందో తగిలినవాడికే తెలుసు. అమ్మకు ఫోన్‌లో 'బాగానే ఉన్నానమ్మా' అనే గొంతులో పగులు ఎవరికి వినబడాలి?

ఐఐటీ తన వంతు ప్రయత్నాలు చేస్తోంది. ఇక్కడే చదివి వ్యాపారంలో పైకొచ్చిన సతీందర్ సింగ్ రేఖీ చేయూతతో 2016లో ఆనందశాస్త్రానికి ఒక కేంద్రం పెట్టారు. 2025లో 'క్యాంపస్ మదర్స్' అని, ప్రాంగణంలోని మహిళలకు కొంత శిక్షణ ఇచ్చి పిల్లల మంచిచెడ్డలు కనుక్కునే ఏర్పాటు ప్రకటించారు. తల్లి అయినంత మాత్రాన సలహా చెప్పడం వస్తుందా, ఆ బరువు ఆడవాళ్ల మీదే ఎందుకు వేయాలి అని అడిగినవాళ్లూ ఉన్నారు. అడగాల్సిన మాటే. లైఫ్ కోచ్‌ల గురించి ఇందాక అనుకున్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అనుభవం ఒక్కటే సరిపోతుందా?

జవాబు కోసం హిజ్లీలో జైలు పెట్టిన ఏడాదికే వెళ్దాం, కాకపోతే వేరే జైలుకు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో అరెస్టయిన ఒక ఇరవై ఏళ్ల తెలుగు అమ్మాయి. పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె రాజమండ్రిలో 1909 జూలై 15న పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పెళ్లంటే ఏమిటో తెలిసే వయసు వచ్చాక, పదిహేనేళ్లకు, ఈ కాపురం తనకు వద్దని చెప్పారు. ఆ రోజుల్లో ఆ మాట అనడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. అంతకుముందే, 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసిన పిల్ల ఈమే. నిర్వాహకులు పరుగున టికెట్ కొని తెచ్చాకే లోపలికి పంపారు. టికెట్ తనిఖీ విలువ తెలిసిన ఊరు కనుక ఈ కథ ఖరగ్‌పూర్‌లో చెబితే బాగా రక్తి కడుతుంది. ఇక్కడి టికెట్ తనిఖీ ఉద్యోగుల్లో ఒకప్పుడు మహేంద్ర సింగ్ ధోనీ కూడా ఉన్నాడు మరి.

1930, 1933 మధ్య ఆమె మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఏకాంత శిక్ష. పక్క గదుల్లో ఉరిశిక్ష పడినవాళ్లు. ఆరోగ్యం దెబ్బతింది. అంతకంటే లోతుగా దిగిన అనుభవం వేలూరు జైలులో ఎదురైంది. అక్కడ ఆమె వెంట ఉన్న ఆడ ఖైదీల్లో చదువురానివాళ్లు, చట్టం ఏం చెబుతుందో తెలియనివాళ్లు, చేయని నేరం కూడా ఒప్పేసుకుని శిక్ష అనుభవిస్తున్నవాళ్లు ఉన్నారు. కోర్టులో నోరు తెరిచి తమ మాట చెప్పుకోవడం ఎలాగో వాళ్లకు తెలియదు, చెప్పిపెట్టే మనిషి లేదు. బయటికి వెళ్లాక లా చదవాలి అని దుర్గాబాయి అక్కడ నిశ్చయించుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆమె సొంత బాధ చిన్నదేమీ కాదు. బాల్యవివాహం, తెగిన చదువు, జైలు, పాడైన ఒళ్లు. కానీ లా చదవాలన్న ఆలోచన తన బాధలోంచి రాలేదు, పక్కన కూర్చున్న ఆడమనిషి చెప్పింది వినడంలోంచి వచ్చింది. జైలు ఆమెను ఆ పక్కన కూర్చోబెట్టింది. వినడం మాత్రం ఆమె చేసిన పని. అదే జైళ్లలో అదే ఏళ్లలో ఉన్నవాళ్లు వేలమంది.

లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. ఆమె దగ్గర లేదు, ఇంగ్లీషూ అంతంతమాత్రం. పాతికేళ్లు దగ్గరపడుతుండగా కూర్చుని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా కట్టారు. మన ముందుతరం ఆడవాళ్లు 'బనారస్ మెట్రిక్' అని చెప్పుకునేది ఆ పరీక్షే. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనక చేర్చుకోవడం కుదరదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి అభ్యంతరం. ఆమె పత్రికలో ప్రకటన వేశారు, చదువుకోవాలనుకునే అమ్మాయిలు ఉంటే రాయండని. రాసినవాళ్లను కూడగట్టుకుని హాస్టల్ తామే ఏర్పాటు చేసుకున్నారు. ఇక కాదనడానికి సాకు లేదు. రాజనీతిశాస్త్రంలో డిగ్రీ, మద్రాసులో లా, 1942లో లాయరు కోటు.

ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మొదట్లో చేసిన పని ఏమిటంటే, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బనారస్ మెట్రిక్‌కు తయారుచేయడం. ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు వేళాకోళంగా అన్న అర్థంలోనే అచ్చమైన కోచ్ పని. పరీక్ష గట్టెక్కించడం. బాలవితంతువులు, మొగుడు వదిలేసినవాళ్లు, పెళ్లి పేరుతో బడి మాన్పించినవాళ్లు వచ్చి కూర్చున్నారు. వచ్చినవాళ్లకు దుర్గాబాయి తన కథ చెప్పి పంపేయలేదు. పుస్తకం, పాఠం చెప్పే మనిషి, పరీక్ష ఊరికి ప్రయాణం, ఉండటానికి గది చూశారు. తనకు ఏ మెట్టు దగ్గర కాలు జారిందో సరిగ్గా ఆ మెట్టు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డారు. ఇరవై ఏళ్లు తిరిగాక, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఉంటూ, 1958లో అదే పద్ధతిని దేశమంతటికీ పథకంగా తెచ్చారు. పెద్దవాళ్లయిన ఆడవాళ్లు ఏళ్ల చదువును రెండేళ్లలో కుదించి పూర్తిచేసే 'కండెన్స్‌డ్ కోర్సులు' అవే. సర్కారు కాగితాల్లో పొడిగా కనిపించే ఆ పేరు వెనక ఒక పాతికేళ్ల మనిషి లాంతరు ముందు ఇంగ్లీషు వ్యాకరణంతో పడ్డ కుస్తీ ఉంది.

ఈ కథ వింటే బాధే గురువు అనిపించవచ్చు. అంత తొందరపడనక్కర్లేదు. వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకెల్ సంగతి చూడండి. నాజీ శిబిరాల్లో తల్లిని, తండ్రిని, అన్నను, కట్టుకున్న భార్యను పోగొట్టుకుని, 1945 ఏప్రిల్‌లో బయటపడిన మనిషి. తిరిగొచ్చి తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించిన పుస్తకం 1946లో వెలువడింది. బతుక్కి అర్థం వెతుక్కోవడం గురించి మాట్లాడే లైఫ్ కోచ్‌లు ఈనాటికీ ఆయన పేరు తలుస్తారు. శిబిరమే ఆయనకు ఆ జ్ఞానం ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన పని అంతకు చాలా ముందే మొదలైంది. 1928 నుంచే వియన్నాలో కుర్రకారుకు ఉచిత సలహా కేంద్రాలు నడిపాడు. బడి మార్కులు చేతికొచ్చే రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని, సరిగ్గా ఆ వారాల్లో ప్రత్యేక ఏర్పాట్లు చేశాడు. అలా చేసిన ఏడాది వియన్నాలో విద్యార్థి ఆత్మహత్య ఒక్కటీ జరగలేదని ఆయన చెప్పుకునేవాడు. మార్కుల సీజన్‌కు ముందే కాపలా పెట్టాలన్న బుద్ధి మన తెలుగు రాష్ట్రాలకు ఎంత అవసరమో ఇంటర్ ఫలితాల రోజు పేపరు చూసినవాళ్లకు తెలుసు.

ఆష్‌విట్జ్ శిబిరానికి వెళ్లేటప్పుడు ఆయన కోటు అస్తరులో తన గ్రంథం రాతప్రతి కుట్టుకుని ఉంది. కోటు లాక్కున్నారు, ప్రతి పోయింది. లోపలి ఆలోచన మిగిలింది. దాన్ని శిబిరం పుట్టించలేదు, పరీక్షించింది. సుత్తితో కొట్టి చూసింది అందాం, మన షాపు భాషలో.

మూడో రకం ఉదాహరణ తాగుడు మానిపించే సంఘాలది. రాత్రి డ్యూటీలు, షిఫ్టులు, నెల మొదట్లో చేతిలో జీతం ఉండే ఏ రైల్వే కాలనీకైనా ఈ బాధ కొత్త కాదు. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో, వ్యాపారంలో దెబ్బతిన్న బిల్ విల్సన్ హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. మానేసి కొన్ని నెలలే అయింది. పక్కనే బారు, లోపల నవ్వులు. మళ్లీ జారిపోతానేమో అన్న భయంతో ఫోన్ల మీద ఫోన్లు చేసి, తనలాంటి తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని వెతికాడు. అలా దొరికిన సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్ ఆ జూన్ 10న ఆఖరి చుక్క తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజు అదే. అంతకుముందు ఆరు నెలలు బిల్ దొరికిన ప్రతి తాగుబోతుకీ తన గొప్ప మార్పు గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఒక్కడూ మానలేదు. ఉపన్యాసం కట్టిపెట్టు, జబ్బు సంగతి చెప్పు అని అతని డాక్టరు మందలించాడు. ఆక్రన్‌లో అతను చేసింది అదే. పైగా నీకోసం రాలేదు, నాకోసం వచ్చాను అన్నట్టు కూర్చున్నాడు. ఎదుటివాడు నోరు విప్పాడు.

చాలామంది కోచ్‌లు చేసే పొరపాటు బిల్ ఆ ఆరు నెలలు చేసినదే. గాయం మానకముందే దాన్ని బోర్డు మీద రాసుకుంటారు. విడాకులు తీసుకున్నవాళ్లకు వచ్చిన ప్రతి జంటలోనూ విడాకులే వినబడతాయి. ఉద్యోగం వదిలి బాగుపడినవాళ్లు ప్రతివాడికీ రాజీనామా చేయమంటారు. గంట సేపట్లో నలభై నిమిషాలు తమ కథే. డబ్బిచ్చి వచ్చిన మనిషి తలూపి వెళ్లిపోతాడు. సుత్తి మనిషి ప్రతి చక్రంలోనూ తనకు ఒకప్పుడు దొరికిన పగులే వింటూ పోతే ఆ బండి ఎక్కడానికి ధైర్యం చాలదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర నమోదు ఉండాలి. లైఫ్ కోచ్ బోర్డుకు అలాంటిదేమీ అక్కర్లేదు, ఎవరైనా కట్టుకోవచ్చు. చదువులో దారి, ఉద్యోగం మార్పు, రోజువారీ క్రమశిక్షణ లాంటి వాటికి మంచి కోచ్ నిజంగా పనికొస్తాడు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా అది కోచ్ పని కాదు, డాక్టరు పని. ఆ తేడా పసిగట్టి 'నా చేతిలోది కాదు, పదండి ఆస్పత్రికి' అని లేచి నిలబడే కోచ్‌ను గట్టిగా నమ్మవచ్చు. 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉంటారు, తెలుగులోనూ మాట్లాడతారు, రూపాయి ఖర్చు లేదు. హాస్టల్ గదిలో ఉన్న పిల్లలు, క్వార్టర్లో ఉన్న పెద్దలు రాసిపెట్టుకోండి. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

దుర్గాబాయి గురించి ఒక్క ముక్క మిగిలిపోయింది. ఎనిమిదో ఏట తనకు తాళి కట్టి, పదిహేనో ఏట తను కాదనుకున్న ఆ భర్త తర్వాత మరో పెళ్లి చేసుకున్నాడు. 1941లో ఆయన చనిపోయాడు. ఆ రెండో భార్య దిక్కులేనిదయింది. చదువు లేదు, చేతిలో పని లేదు. ఏళ్ల కిందట మద్రాసులో బనారస్ మెట్రిక్‌కు వచ్చి కూర్చున్న ఆడవాళ్లది ఏ పరిస్థితో, అచ్చంగా అదే పరిస్థితి. ఆమెను దగ్గరికి తీసి, చేతిపని శిక్షణలో చేర్పించి, సొంత కాళ్ల మీద నిలబడేలా చేసింది దుర్గాబాయే.